అయస్కాంతానికి అంటని రాయి

పాఠం చెప్తున్నప్పుడు ఎదుటివాళ్ళు నోరు తెరుచుకుని వింటే నాకు మహా ఇష్టం. ఈ సంగతి ముందే ఒప్పేసుకుంటే మిగతాది చెప్పడం కొంచెం తేలికవుతుంది. ముప్పై ఏళ్ళకు పైగా సర్కారు బడుల్లో ఫిజికల్ సైన్సు చెప్పాను. జీతం కోసమే చెప్పానంటే అది సగం అబద్ధం. మిగతా సగం ఆ తెరిచిన నోళ్ళ కోసం.

పుట్టింది రఘునాథపల్లి పక్కన ఒక పల్లెలో. టీచర్ ట్రైనింగుకు పోయినప్పుడు మొదటి వారంలోనే బోర్డు దగ్గరికి పిలిచి ఏదో ఒక పాఠం చెప్పమన్నారు. "భూమి సూర్యుని సుట్టు తిరుగుతది" అని మొదలుపెట్టాను. కోస్తా నుంచి వచ్చిన లెక్చరర్ గారు నవ్వు ఆపుకుంటూ, ఏం చేస్తుందన్నావమ్మా భూమి, మళ్ళీ చెప్పు అన్నారు. మళ్ళీ చెప్పాను. క్లాసంతా నవ్వింది. మూడోసారికి "తిరుగుతుంది" అని నేర్చుకున్నాను. అప్పటినుంచి నాకు రెండు నోళ్ళు, బడిలో ఒకటి, ఇంట్లో ఒకటి. ఆ లెక్చరర్ గారి మీద కోపం ఇప్పటికీ పోలేదు. పోగొట్టుకోవాలని నేను ప్రయత్నించిందీ లేదు.

ప్రత్యేక రాష్ట్రం కోసం అందరూ రోడ్ల మీదికి వచ్చిన రోజుల్లో నేను గార్ల వైపు ఒక హైస్కూల్లో పనిచేసేదాన్ని. ఊరి పక్కన గుట్ట. గుట్టకు ఇవతల లంబాడా తండా, అవతల గ్రానైటు క్వారీ. పొలం పనులు లేనప్పుడు తండా మగవాళ్ళు చాలామంది ఆ క్వారీకే పోయేవారు. సమ్మె మొదలయ్యాక ఆఫీసులకు తాళాలు పడ్డాయి, బస్సులు ఆగాయి, మా బడి మూతపడింది. నాలుగు రోడ్ల కూడలిలో టెంటు వేశారు. క్వారీ కూలీలు కూడా పనికి పోమని అందరి ముందూ మాట ఇచ్చి, గేటు తాళంచెవి తెచ్చి టెంటు గుంజకు మేకు కొట్టి తగిలించారు. వచ్చేపోయేవాళ్ళు దాన్ని దేవుడి గంటను ముట్టుకున్నట్టు ఒకసారి ముట్టుకుని పోయేవారు. క్వారీ యజమాని లోపల ఎంత ఉడికినా పైకి ఏమీ అనలేకపోయాడు.

టెంటులో రోజుకొక పనివాళ్ళు కూర్చునేవారు. ఒకరోజు క్షురకులు రోడ్డు మీదే గడ్డాలు గీశారు. ఒకరోజు దర్జీలు మిషన్లు తెచ్చుకుని రోడ్డు మీదే కుట్టారు. టీచర్ల వంతు వచ్చినప్పుడు రోడ్డు మీదే పాఠాలు చెప్పాలని నిర్ణయమైంది. మా బడి సోషల్ సారు ఆ టెంటు బాధ్యత చూసేవాళ్ళలో ఒకరు. ఆయనది గార్లలో దర్జీ పనిచేసే ముస్లిం కుటుంబం. ఇంట్లో దక్కనీ, బడిలో పుస్తకం తెలుగు, అంటే ఆయనకూ నాలాగే రెండు నోళ్ళు. "మైకు ఉన్నది మేడం, జనం ఉన్నరు. చుక్కల పాఠం చెప్పుండ్రి. జర మన మాటల్ల చెప్పుండ్రి" అన్నారు.

మన మాటల్లో సైన్సు చెప్పమని నన్ను అప్పటిదాకా ఎవరూ అడగలేదు.

రోడ్డు మీదే వండుకుని తినే వంటావార్పు కోసం తెచ్చిన ఆలుగడ్డల బస్తా పక్కనే ఉంది. అందులోంచి వంకరటింకరగా, గుంటలు పడి ఉన్న ఒక గడ్డను ఏరి పైకెత్తి చూపించాను. గిది ఆలుగడ్డ కాదు, ఆకాశంల తిరిగే రాయి అన్నాను. అంగారకుడికీ బృహస్పతికీ మధ్య ఇట్లాంటివి లక్షల్లో ఉన్నాయని, గ్రహాలు తయారైనప్పుడు మిగిలిపోయిన రాళ్ళని, బృహస్పతి తన బలంతో గుంజుతుంటే ఒకచోట చేరలేక అట్లాగే ఉండిపోయాయని చెప్పాను. చిన్న రాయికి తనను తాను గుండ్రంగా చేసుకునేంత బలం ఉండదు. అందుకే గ్రహశకలాలు చాలావరకు సొట్టలు పడి ఉంటాయి. కొన్ని బొగ్గులా నల్లవి, కొన్ని మామూలు రాళ్ళు, కొన్ని ఇనుప ముద్దలు. కొన్నయితే ఒకే రాయి కూడా కాదు, కంకర కుప్ప. ఒకదాన్నొకటి వదులుగా పట్టుకుని తిరుగుతుంటాయి.

తర్వాత ఒక నిమ్మకాయ తీసుకున్నాను. ఇది సెరిస్, ఆ గుంపులో అన్నిటికన్నా పెద్దది, పెద్దది కాబట్టే గుండ్రమైంది, మొదట గ్రహమన్నారు, తర్వాత శకలమన్నారు, ఇప్పుడు మరుగుజ్జు గ్రహమంటున్నారు అని చెప్పాను. దూరంగా చలిలో తిరిగే ప్లూటో, ఎరిస్ కూడా అదే జాతి అని, హౌమియా అనేది కోడిగుడ్డు ఆకారంలో ఉండి, మన నాలుగు గంటల్లోపే ఒక రోజు ముగించేస్తుందని చెప్పాను. మా పుస్తకంలో అప్పటికింకా తొమ్మిది గ్రహాలే ఉండేవి. ప్లూటోను లెక్కలోంచి తీసేశారని చెప్పగానే ముందు వరుసలో కూర్చున్న ఒక పెద్దాయన, తీసేసేటప్పుడు దాన్ని ఒక మాట అడిగిండ్రా అన్నాడు. దానికీ ఒక కమిటీ వేసే ఉంటారని వెనక నుంచి ఎవరో అన్నారు. టెంటంతా నవ్వింది. ఈసారి నవ్వు నా మీద కాదు. ట్రైనింగు కాలేజీలో పోయిన పరువు ఆ రోజు నాకు వడ్డీతో తిరిగొచ్చినట్టయింది.

మా బడిలో పదో తరగతి చదివే ఒక అమ్మాయి రోడ్డు మీద మఠం వేసుకుని నోటుబుక్కులో రాసుకుంటోంది. తండా పిల్ల. క్లాసులో నన్ను ప్రశ్నలతో వేపుకు తినేది, నాకు అందుకే ముద్దు. పక్కనే వాళ్ళమ్మ కూర్చుని ఉంది. గ్రహశకలాలు కింద పడవా టీచర్ అని అమ్మాయి అడిగింది. చాలావరకు దారిలోనే మండిపోతాయి, మండగా మిగిలినవి ఉరుము లాంటి చప్పుడుతో పడతాయి అన్నాను. పడ్డ రాయిని ఎట్లా గుర్తుపట్టాలో కూడా చెప్పాను. పైన నల్లగా కాలిన పొర ఉంటుంది, బొటనవేలితో నొక్కినట్టు గుంటలుంటాయి, సైజుకు మించిన బరువుంటుంది, అయస్కాంతం పెడితే అంటుకుంటుంది. అమ్మాయి నంబర్లు వేసి మరీ రాసుకుంది. వాళ్ళమ్మ లంబాడీలో ఏదో అడిగితే అమ్మాయి నాకు తెలుగులో చెప్పింది: "పడే జాగల మనుషులుంటే ఎట్ల అని మా యాడి అడుగుతుంది టీచర్." యాడి అంటే వాళ్ళ భాషలో అమ్మ. నేను నవ్వి, ఇంత పెద్ద భూమి ఉండగా అది వెతుక్కుంటూ మీ ఇంటికే వస్తదా అవ్వా అన్నాను. ఆమె కూడా నవ్వింది.

పది పన్నెండు రోజుల తర్వాత మెయిన్ రోడ్డు మీద పెద్ద వంటావార్పు పెట్టారు. చుట్టుపక్కల ఊళ్ళన్నీ వచ్చాయి, తండా తండా అంతా వచ్చింది. పొద్దున్నుంచీ మబ్బు పట్టి ఉంది. అమ్మాయి తల్లి నా పక్కనే కూర్చుని ఉల్లిగడ్డలు కోసింది. మధ్యాహ్నమవుతుండగా మబ్బు మరింత కమ్మితే, వాకిట్లో ఎండబోసిన మక్కలు, అంటే మొక్కజొన్నలు, తడిసిపోతాయని కూతురికి చెప్పి లేచి వెళ్ళిపోయింది. కాసేపటికి సాయం చేద్దామని కూతురు కూడా వెనకే పోయింది. ఆ తర్వాత రెండుసార్లు ఉరిమింది. మూడో చప్పుడు గుట్ట వైపు నుంచి వచ్చింది. అది కొంచెం పొట్టిగా, నేల లోపలి నుంచి వచ్చినట్టుంది. వాన దంచేటట్టున్నదని ఎవరో అన్నారు. విస్తళ్ళు వేయండని ఇంకెవరో అన్నారు.

వడ్డన సగంలో ఉండగా సోషల్ సారుకు ఫోను వచ్చింది. తండాలో ఒకామె మీద ఆకాశం నుంచి రాయి పడ్డదట, మిమ్మల్నే రమ్మంటున్నరు అన్నారు. ఆయన బండి వెనక కూర్చుని పోయాను. దారి పొడుగునా నా గుండె కొట్టుకుంటూనే ఉంది. భయంతోనే కాదు. నేను చెప్పింది జరిగిందా అనే ఒక పాడు సంతోషం కూడా ఒక్క క్షణం కలిగింది. చచ్చిందెవరో అప్పటికి నాకు తెలియదు, అయినా అది తప్పు కాకుండా పోదు.

వాకిట్లో మక్కలు చెల్లాచెదురుగా ఉన్నాయి. సగం గోనెసంచిలోకి ఎత్తినవి, సగం నేల మీద. ఆమె అప్పటికే పోయింది. నా పక్కన ఉల్లిగడ్డలు కోసిన మనిషి. అమ్మాయి, తల్లి తలను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది, ఏడవడం లేదు. అందరికన్నా ముందు ఇంటికి చేరింది ఆ అమ్మాయే. తల్లి పక్కన చిన్న గుమ్మడికాయంత రాయి ఉంది. చుట్టూ మూగిన జనం టీచరమ్మ వచ్చింది, జరగుండ్రి అంటూ నాకు దారిచ్చారు.

గొంతుక్కూర్చుని చూశాను. ఎర్రటి గ్రానైటు. విరిగిన ముఖాలు కొత్తగా తళతళలాడుతున్నాయి. ఒక అంచున మాత్రం నల్లగా మసి ఉంది, జనం ఆ మసినే చూపించుకుంటున్నారు. రాయి కింద వేళ్ళు పెట్టి కొద్దిగా లేపాను. అడుగువైపు బొటనవేలంత లావున, స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా, సగం గొట్టం లాంటి గాడి ఉంది. గాడి పొడుగునా మందు మసి. క్వారీలో రాయికి బోరు కొట్టి, ఆ బోరులో మందు కూరి పేలిస్తే, పగిలిన ముక్కకు అట్లాంటి గాడి మిగులుతుంది. ఆకాశంలో ఎవరూ బోర్లు కొట్టరు.

తలెత్తేసరికి పోయినామె భర్త కనిపించాడు. జనం వెనక, పశువుల కొట్టం గుంజ పట్టుకుని నిలబడ్డాడు. క్వారీలో మందు కూరి పేల్చే పని అతనిదే. తల మీద తెల్లటి రాతిదుమ్ము ఉంది. చేతులు మాత్రం మోచేతుల దాకా శుభ్రంగా కడిగి ఉన్నాయి. నన్నే చూస్తున్నాడు. ఏమీ బతిమాలలేదు, తల కూడా అడ్డంగా ఊపలేదు.

"మీరు చెప్పిన రాయేనా మేడం గిది?" అని ఎవరో అడిగారు.

నేను రాయిని ఎట్లా ఉన్నదాన్ని అట్లాగే, గాడి కిందికి వచ్చేటట్టు దించాను. "గట్లనే ఉన్నది" అన్నాను. అవునని అనలేదు కదా అని చాలా ఏళ్ళు ఆ మాట పట్టుకుని వేలాడాను. కానీ బందోబస్తు నుంచి వచ్చిన హెడ్ కానిస్టేబుల్ అక్కడివాళ్ళు చెప్పింది రాసుకుని, సైన్సు టీచరు కదా మీరూ ఒక సంతకం పెట్టండి అన్నప్పుడు, ఆకాశం నుంచి పడిన రాయి అన్న వాక్యం కింద ముత్యాల్లాంటి అక్షరాలతో నా పేరు రాశాను.

ఎందుకు చేశావంటే చెప్పడానికి చాలా ఉన్నాయి. అతను మాట తప్పి పేల్చాడని తెలిస్తే అక్కడికక్కడే కొట్టి చంపుతారేమోనని భయం. తండాకూ ఊరికీ మధ్య చిచ్చు పడి టెంటు కూలిపోతుందని భయం. ఇవన్నీ నిజాలే. మైకు పట్టుకుని మన మాటల్లో మొదటిసారి చెప్పిన పాఠాన్ని, అదే జనం ముందు, ఇది ఆ రాయి కాదు అని వెనక్కి తీసుకోవడం ఇష్టం లేకపోవడం కూడా నిజమే. ఇంకో సంగతి నాకు ఆలస్యంగా తట్టింది. ఆ రాయిని రోజూ కొట్టి బతికే మగవాళ్ళు పదిమందికి పైగా ఆ వాకిట్లో ఉన్నారు. తమ క్వారీ రాయిని వాళ్ళు గుర్తుపట్టలేదా? వాళ్ళకు కావలసింది చదువుకున్న ఒక నోరు. నేను తగుదునమ్మా అని నోరిచ్చాను.

దినాలు కాగానే ఆమె భర్త నేను అద్దెకుండే ఇంటికి వచ్చాడు. మధ్యాహ్నం వేళ. లోపలికి రమ్మన్నా రాకుండా గోడకు ఆనుకుని కూర్చున్నాడు. సమ్మె ప్రకటించే ముందురోజే బోర్లలో మందు కూరామని, పేల్చకుండానే గేటుకు తాళం వేసుకుని వచ్చేశామని, వానలకు ఆ మందు ఏమవుతుందోనని, మేకలు కాసే పిల్లలు అటే తిరుగుతారని రోజూ గుబులుగా ఉండేదని చెప్పాడు. యజమాని మనిషి కూడా, ఆ ఒక్క వరస పేల్చేసి పో అని వెంటపడ్డాడట. రెండింట్లో దేనికోసం పోయావని నేను అడగలేదు. అతనికైనా తెలుసో లేదో. తండా ఖాళీ అయ్యే రోజు కోసం చూశాడు. ఆ పొద్దున ఇల్లిల్లూ తిరిగి, తలుపు తలుపూ చూసుకుని, ఒక్క మనిషి కూడా లేడని నమ్మకం కుదిరాకే, గేటు వైపు కాకుండా మేకల బాట పట్టి గుట్ట అవతల క్వారీలోకి దిగాడు. మక్కల కోసం ఆమె తిరిగొస్తుందని అతనికి తట్టలేదు.

చెప్పడం అయిపోయాక లేచి నిలబడ్డాడు. "నా బిడ్డకు చెప్పకుండ్రి టీచరమ్మ. ఆకాశంల కెళ్ళి పడ్డదంటె దేవుని మీద కోపం ఉంటది. నేనే అని తెలిస్తె అది ఎవలింట్ల ఉంటది?" అన్నాడు.

చెప్పనన్నాను.

సమ్మె ముగిసింది. తాళంచెవి గుంజ నుంచి దిగింది, క్వారీ మళ్ళీ మొదలైంది. తండావాళ్ళు ఆ రాయికి పసుపు పూసి బొట్లు పెట్టారు. క్వారీ యజమాని ముందుకొచ్చి దానికి సిమెంటు గద్దె కట్టించాడు. ఎంత భక్తి అని ఊళ్ళో మెచ్చుకున్నారు. నేను పోయి చూశాను. గాడి ఉన్న వైపును సిమెంటులోకి దించి, ఇక ఎవరూ తిప్పి చూడకుండా గట్టిగా నిలబెట్టారు. యజమానికి ఏ వైపు దాచాలో బాగా తెలుసు. నలుగురితో పాటు నేనూ ఒక దండం పెట్టి వచ్చాను.

బడి తెరిచిన వారంలో అమ్మాయి నా దగ్గరికి వచ్చి ప్రయోగశాలలోని అయస్కాంతం ఇస్తారా టీచర్ అని అడిగింది. బీరువా తెరిచి గుర్రపునాడా అయస్కాంతం ఇచ్చాను. వద్దనడానికి కారణం దొరకలేదు. మర్నాడు క్లాసు అయిపోయి అందరూ వెళ్ళిపోయాక వచ్చి బల్ల మీద పెట్టింది. "అంటలేదు టీచర్" అంది. నా ముఖంలోకి చూస్తూ నిలబడింది.

ఆకాశం రాళ్ళన్నీ అంటుకోవమ్మా అన్నాను. బోర్డు మీద వెస్టా బొమ్మ గీశాను. ఆ గ్రహశకలాల గుంపులో పెద్దవాటిలో అదొకటి. పుట్టిన కొత్తలో లోపలంతా కరిగిపోయిందని, బరువైన ఇనుము నడిమధ్యకు దిగిపోయి, పైన చల్లారిన లావా లాంటి రాయి మిగిలిందని చెప్పాను. ఏనాడో ఇంకో పెద్ద రాయి వచ్చి గుద్దితే దాని దక్షిణాన పెద్ద గుంట పడిందని, అప్పుడు లేచిన ముక్కలు తిరిగి తిరిగి ఇప్పటికీ భూమ్మీద పడుతుంటాయని, వాటిలో ఇనుప లోహం దాదాపు ఉండదు కాబట్టి అయస్కాంతం పట్టదని చెప్పాను. ఆ రోజుల్లోనే ఒక వ్యోమనౌక వెస్టా చుట్టూ తిరుగుతూ ఫొటోలు పంపుతోందని కూడా చెప్పాను. అంత చక్కటి పాఠం నేను ముందూ చెప్పలేదు, తర్వాతా చెప్పలేదు. అందులో ఒక్క తప్పు లేదు.

అమ్మాయి చివరిదాకా వింది. నోటుబుక్కు తెరవలేదు. "సరే టీచర్" అని వెళ్ళిపోయింది.

ఆ తర్వాత ఆ పిల్ల క్లాసులో ఒక్క ప్రశ్న అడగలేదు. మొదటి బెంచీ నుంచి చివరి బెంచీకి పోయింది. పదో తరగతి ఏదో గట్టెక్కింది. పైచదువుకు నేను ఫారం తెచ్చి ఇంటికి వెళితే, వద్దు టీచర్, మిరప తోటలకు పోతున్న అంది. తల్లి పోయిన దెబ్బ అనుకున్నాను. అట్లా అనుకోవడం నాకు సౌకర్యంగా ఉండింది. తండ్రీకూతుళ్ళు ఒకే ఇంట్లో ఉంటూ, ఎదురెదురుగా కూర్చుని తింటూ పెద్దగా మాట్లాడుకోరని తండా ఆడవాళ్ళు చెప్పేవారు.

రాష్ట్రం వచ్చింది. రంగులు చల్లుకున్నాం, రోడ్ల మీద ఆడాం. సంతోషించలేదంటే అబద్ధం, నా జన్మలో అంత సంతోషం ఎప్పుడూ లేదు. తర్వాత బదిలీ మీద భూపాలపల్లి వైపు, టేకుమట్లకు దగ్గర్లో ఒక బడికి పోయాను. సామాన్లలో ఆ అయస్కాంతం కూడా వచ్చేసింది. వెనక్కి ఇవ్వాలనుకుంటూనే ఇవ్వలేదు. ఇంకో ఏడాదికి సెరిస్ ఫొటోలు దగ్గరి నుంచి తీసినవి వచ్చాయి, నల్లటి నేల మీద ఒకచోట తెల్లగా మెరిసే మచ్చలతో. లోపలి ఉప్పునీరు పైకొచ్చి ఆవిరై ఉప్పు మిగిలిందట. ప్లూటో మీద మంచు మైదానాలూ, మంచు కొండలూ ఉన్నాయని తెలిసింది. పిల్లలకు అన్నీ చెప్పాను. అవి కింద పడవా టీచర్ అని ఏ పిల్లో అడిగితే మాత్రం గంట కొట్టే టైమయిందని పుస్తకం మూసేసేదాన్ని.

నేను రిటైరయ్యాక సోషల్ సారు ఫోను చేసి, ఆ అమ్మాయి తండ్రి పోయాడని చెప్పారు. ఏళ్ళ తరబడి క్వారీ దుమ్ము మింగిన ఊపిరితిత్తులు, చివరికి దగ్గి దగ్గి పోయాడట. నేను మాటిచ్చిన మనిషి లేడు. ఇంకా దాచడానికి కారణమూ లేదు. అయస్కాంతాన్ని సంచిలో వేసుకుని మహబూబాబాద్‌లో బస్సు మారి తండాకు పోయాను.

అమ్మాయి, ఇప్పుడు అమ్మాయి అనకూడదు, పాతికేళ్ళు దాటిన మనిషి, అదే వాకిట్లో మిరపకాయల తొడిమెలు తీస్తోంది. నన్ను గుర్తుపట్టి మంచం వాల్చింది. నేను దారంతా కూడబలుక్కున్న మాటలు వరసగా చెప్పడం మొదలుపెట్టాను. ఆ రాయి గురించి నీకు ఒకటి చెప్పాలమ్మా, అది ఆకాశం నుంచి పడింది కాదు అన్నాను.

"నాకు ఎరుకే టీచర్" అంది.

తొడిమెలు తీయడం ఆపలేదు. తలెత్తకుండానే చెప్పింది. ఆ రోజు అందరికన్నా ముందు ఇంటికి చేరింది తనే. తల్లి మీద నుంచి రాయిని దొర్లించేటప్పుడు వేలు గాడిలోకి పోయింది. క్వారీకి తండ్రికి సద్ది తీసుకుపోయే పిల్ల, ఆ బోరు లావు ఎంతో తెలియదా. జనం వచ్చేలోపల గాడిని కిందికి తిప్పి పెట్టింది. నేను వేళ్ళు పెట్టి లేపినప్పుడు గాడి అడుగున ఉండటానికి కారణం ఆ పిల్ల.

మరి అయస్కాంతం ఎందుకడిగావని అడిగాను.

"మీరు రాయి లేపి చూసిండ్రు. మీకు తెలుసని నాకు తెలుసు. బాపుతోని అనలేను, తండాల అనలేను. ఒక్కలన్న నాతోని నిజం మాట్లాడుతరేమో అని అడిగిన. మాట్లాడితే నేను పోయి బాపుతోని అందునేమో, ఏం కాదు బాపూ అని. మీరు వెస్టా ముచ్చట చెప్పిండ్రు" అంది. ఇంకో కాయ తొడిమె తీసి, "నాకు ఎరుకని తెల్వకనే పోయిండు బాపు" అంది.

ఒకే ఇంట్లో పదేళ్ళకు పైగా ఇద్దరూ ఒకరి నుంచి ఒకరు దాచుకున్నారు. ఇద్దరి సంగతీ తెలుసుకోగలిగిన మనిషిని నేనొక్కదాన్నే. తండ్రి నా గోడకు ఆనుకుని కూర్చుని చెప్పాడు, కూతురు నా బల్ల ముందు నిలబడి అడిగింది. నేను అతనికి మౌనం, ఆమెకు పాఠం ఇచ్చాను. ఏడుపు వచ్చింది. ఆ ఏడుపు నామీద నాకు జాలితో వచ్చిందేమోనని అనుమానం కూడా వచ్చింది.

ఆమె లేచి చాయ్ పెట్టుకొచ్చింది. గ్లాసు నా చేతికిస్తూ, ఎన్నాళ్ళ నుంచో అడగాలనుకున్నట్టు అడిగింది.

"ఆ వెస్టా ముచ్చటన్న నిజమేనా టీచర్?"

నిజమే, ప్రతి మాటా నిజమే అన్నాను. ఆమె నా ముఖం వంక చూసింది. తర్వాత చాయ్ చల్లారుతుందని చెప్పి, వెళ్ళి మళ్ళీ మిరపకాయల దగ్గర కూర్చుంది.